పక్క గదిలో పాఠం



పదో తరగతి ఫలితాలు వచ్చిన నెలలో మన ఊళ్ళల్లో పిల్లలు తప్పించుకోలేని ప్రశ్న ఒకటుంది. పెళ్ళిలో, కిరాణా కొట్లో, బస్సులో పక్క సీటు పెద్దాయన దగ్గర, ఎక్కడైనా అదే. "ఏ గ్రూపు తీసుకున్నావమ్మా?" ఎంపీసీ అనో, బైపీసీ అనో, కాస్త తగ్గిన గొంతుతో సీఈసీ అనో జవాబొస్తుంది. ఆ అడిగే తీరూ, చెప్పే తీరూ వింటుంటే అది రక్తం గ్రూపేమో అనిపిస్తుంది నాకు. పుట్టుకతో వచ్చింది, ఇక మారదు. పదిహేనేళ్ళకు ఒక పిల్ల చరిత్ర పుస్తకం మూసేస్తుంది, ఇంకో పిల్లాడు లెక్కల పుస్తకం మూసేస్తాడు. అవి మళ్ళీ తెరిచే అవసరం రాకుండా ఇల్లూ కాలేజీ కలిసి జాగ్రత్త పడతాయి.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఫిజిక్సు పాఠం చెప్పాను. మొదట డిగ్రీ కాలేజీల్లో, చివరి పదేళ్ళూ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో. అక్కడ పాఠంతో పాటు నా నెత్తిన పడ్డ పని ఓపెన్ ఎలక్టివ్ ఫారాలు పంచడం, నింపించడం, వసూలు చేయడం. ఓపెన్ ఎలక్టివ్ అంటే ఏమిటో వింటున్న పెద్దలకు చెప్తాను. మీ అమ్మాయి కంప్యూటర్స్ చదువుతోందనుకోండి, సివిల్ వాళ్ళో మెకానికల్ వాళ్ళో చెప్పే ఒక కోర్సు కూడా ఎంచుకుని చదవాలి. తన బ్రాంచి కానిది. హైదరాబాదు జేఎన్టీయూ 2018 నిబంధనల్లో బీటెక్ మొత్తం 160 క్రెడిట్లయితే, ఇలాంటి కోర్సులు మూడు, ఒక్కోటి 3 క్రెడిట్లు. అంటే 160లో 9. కంచం నిండా అన్నం, అంచున ఊరగాయ.

ఫారం చేతిలో పెట్టగానే కారిడార్లో నాకు ఎదురయ్యే ప్రశ్న పదేళ్ళలో ఒక్కసారీ మారలేదు. "సార్, ఏది ఈజీ సార్?"

పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. ఇంటర్మీడియట్‌లో రెండో భాష ఎంచుకునేటప్పుడు మనం నేర్పిన విద్యే అది. తెలుగు ఇంట్లో పుట్టి, తెలుగు మాట్లాడే పిల్లల చేత సంస్కృతం ఎందుకు తీయిస్తున్నాం? కాళిదాసు మీద ప్రేమతోనా? మార్కులొస్తాయని. నాగరి అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లలకు నూటికి తొంభై దాటిన మార్కులు రావడం నా కళ్ళతో చూశాను. ఆ వయసులో మనం వాళ్ళకిచ్చిన ఒకే ఒక్క ఎంపిక అది. దాన్ని మార్కుల లెక్కకు వాడుకోమని మనమే చెప్పాం. ఇంకో నాలుగేళ్ళు గడిచాక ఓపెన్ ఎలక్టివ్ ఫారం పట్టుకుని అదే లెక్క వేశారంటే వింతేముంది?

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు లెండి. అమెరికాలో హార్వర్డ్‌కు 1869లో అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ నలభై ఏళ్ళు ఆ కుర్చీలో ఉండి, తప్పనిసరి పాఠాలను ఒక్కొక్కటిగా తీసేశాడు. ఎవరికిష్టమైంది వాళ్ళు చదువుకోమన్నాడు. తేలికైన కోర్సులు ఏరుకుని గట్టెక్కేవాళ్ళు ఎక్కువయ్యారన్న గోల అప్పుడే మొదలైంది. ఆయన తర్వాత వచ్చిన లోవెల్, ఒక విషయం లోతుగా చదవాలి, తక్కినవి నాలుగు దిక్కుల నుంచీ కొంచెం కొంచెం చదవాలి అని కట్టడి చేశాడు. ఇవాళ మన డిగ్రీ కాలేజీల్లో వినిపించే మేజర్, మైనర్ అన్న మాటల వెనక ఉన్నది ఆ పాత తగువే. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో మూడు సబ్జెక్టుల పాత పద్ధతి పోయి ఒక మేజర్, ఒక మైనర్ వచ్చాయి. 2020 జాతీయ విద్యా విధానమైతే బాణభట్టుడి కాదంబరిని, అరవై నాలుగు కళలను కూడా తలుచుకుంది. తలుచుకోవడం వరకూ బాగానే ఉంది.

సరే, అసలు పక్క బ్రాంచి పాఠం ఎందుకు? మామూలుగా చెప్పే జవాబు "సర్వతోముఖ వికాసం". ఆ మాట వింటే నాకు కాలేజీ వార్షికోత్సవంలో ముఖ్య అతిథి గుర్తొస్తాడు. దాని బదులు ఒక కథ చెప్తాను.

1930లలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో క్లాడ్ షానన్ అనే కుర్రాడుండేవాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగూ, గణితమూ కలిపి చదివి 1936లో రెండు డిగ్రీలతో బయటికొచ్చాడు. ఆ చదువు మధ్యలో ఒక ఫిలాసఫీ కోర్సు తీసుకున్నాడు. ఆ క్లాసులో జార్జ్ బూల్ తర్కం అతనికి పరిచయమైంది. బూల్ 1854లో ఒక పుస్తకం రాసి, మనిషి వాదనను లెక్కలోకి దించాడు. మాట నిజమైతే ఒకటి, అబద్ధమైతే సున్నా. "ఇదీ, అదీ" అంటే ఒక గుర్తు, "ఇదో, అదో" అంటే ఇంకో గుర్తు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దీనితో కరెంటు పనివాళ్ళకు పనుంటుందని అనుకున్నవాళ్ళు అరుదు. దాదాపు ఎనభై ఏళ్ళు అది తర్కం చదివేవాళ్ళ సొత్తుగానే ఉండిపోయింది.

షానన్ అక్కణ్ణుంచి ఎంఐటీకి వెళ్ళాడు. అక్కడ గదంత యంత్రం ఒకటుంది. ఇరుసులూ పళ్ళచక్రాలూ తిరిగి లెక్కలు చేసేది. దాన్ని నడిపించడానికి వందకు పైగా రిలేలు. రిలే అంటే వేలితో నొక్కక్కర్లేని స్విచ్చి. కరెంటు పారితే తనే మూసుకుంటుంది, ఆగితే తనే తెరుచుకుంటుంది. ఆ స్విచ్చిల చిక్కుముడి ముందు కూర్చున్న కుర్రాడికి ఫిలాసఫీ క్లాసు గుర్తొచ్చింది.

రేడియోలో బొమ్మ గీయలేను కాబట్టి మీరే ఊహించుకోండి. ఒకే తీగ మీద రెండు స్విచ్చిలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. రెండూ వేస్తేనే దీపం వెలుగుతుంది. బూల్ చెప్పిన "ఇదీ, అదీ" అదే. తీగను రెండు పాయలుగా చీల్చి పాయకొక స్విచ్చి పెట్టండి. ఏది వేసినా వెలుగుతుంది. అది "ఇదో, అదో". మీ మేడ మెట్ల దీపానికి కిందొక స్విచ్చి, పైనొక స్విచ్చి ఉంటుంది చూడండి, కింద వేసి ఎక్కుతాం, పైన ఆర్పేస్తాం. ఏది నొక్కినా దీపం ఉన్న స్థితికి తలకిందులవుతుంది. దానికీ బూల్ లెక్కలో ఒక సూత్రముంది. ఆ సూత్రాలతో ఎంత చిక్కు సర్క్యూట్‌నైనా కాగితం మీదే విప్పొచ్చని షానన్ 1937లో తన మాస్టర్స్ థీసిస్‌లో చూపించాడు. అప్పటికి అతని వయసు 21. మరుసటి ఏడు అది అచ్చయింది. ఇవాళ మీ జేబులో ఉన్న ఫోను లోపల జరిగే లెక్కలకు పునాది ఆ "ఇదీ, అదీ", "ఇదో, అదో" లెక్కే.

ఎంత తెలివైనవాడో అని చెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. బూల్ తెలిసిన ఫిలాసఫీ పంతుళ్ళు చాలామంది ఉన్నారు, రిలేలు తెలిసిన ఇంజనీర్లు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. రెండు గదుల్లోనూ కూర్చున్నవాళ్ళే అరుదు. తర్వాతి రోజుల్లో షానన్ కూడా ఇంచుమించు ఆ మాటే చెప్పుకున్నాడు.

ఇక్కడ చాలామంది ఉపన్యాసకులు స్టీవ్ జాబ్స్ చేతిరాత క్లాసు కథ ఎత్తుకుంటారు. 2005లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన చెప్పినప్పటి నుంచీ అది అరిగిపోయింది. పైగా ఆయన అప్పటికే రీడ్ కాలేజీ మానేసి, క్రెడిట్ల గొడవ లేకుండా వచ్చి కూర్చున్నవాడు. అది మానేసినవాడి కథ. మన పిల్లలకు పనికొచ్చేది షానన్ కథ. మామూలుగా ఫీజు కట్టి, పేరు రాయించుకుని, పరీక్ష రాసిన విద్యార్థి కథ.

నా సంగతి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ చిన్న ఊళ్ళో డిగ్రీ కాలేజీలో ఉన్నాను. మధ్యాహ్నం ఒక గంట ఖాళీ. స్టాఫ్ రూంలో ఫ్యాను తిరిగేది కాదు, పక్కనే బీకాం మొదటి ఏడాది క్లాసులో తిరిగేది. అకౌంట్స్ చెప్పే మాస్టారు నా స్నేహితుడు. "రండి మాస్టారూ, వెనక బెంచీ ఖాళీనే" అన్నాడు. గాలికోసం వెళ్ళి మూడు నెలలు కూర్చున్నాను.

చిట్టా, ఆవర్జా, అంకణా. మొదటి వారం నవ్వుకున్నాను. కూడికలూ తీసివేతలేగా, ఫిజిక్సు చెప్పేవాడికి ఇదో లెక్కా అని. మూడో వారం ఆయన నా చేత కూడా ఒక అంకణా, అంటే రెండు వైపులా మొత్తం సమానం కావాల్సిన పట్టీ, వేయించాడు. రెండు వైపులా కూడితే రూపాయి తేడా వచ్చింది. వేలల్లో రూపాయి. నేను పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను. మా లేబొరేటరీలో భూమ్యాకర్షణ త్వరణం 9.8 బదులు 9.6 వస్తే భుజం తడతాం, లోలకం బాగా ఊపావు రా అంటాం. ఆయన నా కాగితం చూసి, "మాస్టారూ, రూపాయి తేడా అంటే రూపాయి తప్పని కాదు. వెయ్యి రూపాయల తప్పు ఒకటి, తొమ్మిది వందల తొంభై తొమ్మిది తప్పు ఇంకొకటి ఎదురుబొదురుగా కూర్చున్నాయేమో" అన్నాడు. వెతికితే అలాంటిదే బయటపడింది.

ఆ రోజు నాకు తెలిసింది అకౌంట్స్ కాదు. ప్రతి చదువుకూ "సరిగ్గా ఉంది" అనడానికి దాని కొలత దానికుంటుందని. మేం రెండు శాతం తేడాను క్షమిస్తాం, వాళ్ళు రూపాయిని క్షమించరు. చరిత్ర వాళ్ళ దగ్గరికి వెళ్తే ఇంకో రకం. ఒకే ఊరి చెరువు గురించి శాసనం ఒకటి చెప్తుంది, కైఫియత్తు, అంటే ఊరి వృత్తాంతం, ఇంకొకటి చెప్తుంది; వాళ్ళు ఏ ఒక్కటీ పారేయరు, ఎవరు ఎందుకలా రాయించారని అడుగుతారు. మన ఊళ్ళ కైఫియత్తులు రాయించి దాచిన కాలిన్ మెకంజీ చరిత్రకారుడు కాదని మరవొద్దు. సైన్యంలో ఇంజనీరు, భూమి కొలిచే సర్వేయరు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఏలూరు నుంచి వెళ్ళిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అన్నదమ్ములు ఆయనకు చెయ్యీ నోరూ అయ్యారు. గొలుసు పట్టుకుని పొలం కొలిచే మనిషికి ఈ పొలం ఎవరిది, ఎవరిచ్చారు అన్న కుతూహలం పుట్టడం వల్ల ఇవాళ మన గ్రామాల చరిత్ర కొంతైనా మిగిలింది. సివిల్ చదివే పిల్లలు తమ ఊరి కైఫియత్తు ఒక్కటి చదివి చూడండి. అందులో కాలవలూ గట్లూ సరిహద్దులూ కనిపిస్తాయి.

మరి శ్రీశ్రీ బీఏలో చదివింది జంతుశాస్త్రమనీ, కొడవటిగంటి కుటుంబరావు చదివింది ఫిజిక్సనీ మీలో ఎంతమందికి గుర్తుంది? వాళ్ళను ఎవరూ ఏ గ్రూపని అడగలేదు కాబోలు.

ఇప్పటి కాలానికొస్తే, హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్సునూ భాషాశాస్త్రాన్నీ కలిపి చదివే కోర్సుంది. అదెందుకని అడిగేవాళ్ళకు ఒక మాట చెప్తాను: "వచ్చేస్తున్నాడనుకుంటాను." మనకది ఒక్క మాట. అందులో రావడముంది, ఆ రావడంలో తొందరుంది, వచ్చేవాడు మగవాడని ఉంది, అనుకునేది నేనని ఉంది. కంప్యూటరుకు దాన్ని విడగొట్టడం నేర్పాలంటే ప్రోగ్రాం రాయడం వచ్చినవాడికి సంధి కూడా రావాలి. పదో తరగతిలో ఒక్క మార్కు ప్రశ్నగా వదిలేసిన సంధి అక్కడ మళ్ళీ ఎదురొస్తుంది. మన భాషకు మాట వినే యంత్రం, చదివే యంత్రం తయారుచేసేవాళ్ళందరూ ఈ రెండు గదుల మధ్య తిరగాల్సినవాళ్ళే.

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఇంజనీరింగ్ కాలేజీ పేరు చెప్పను, అలాంటివి చాలా ఉన్నాయి. మా ఫారంలో పది కోర్సుల పేర్లుండేవి. ఆ సెమిస్టరులో చెప్పడానికి మనిషి ఖాళీగా ఉన్న కోర్సు మాత్రం ఒక్కటే. కాబట్టి పది పేర్లూ చూపించి, అందరి చేతా ఆ ఒక్కదానికే టిక్కు పెట్టించాలి. ఆ పని నేనే చేశాను, సంవత్సరాల తరబడి. ఒక అమ్మాయి, కోనసీమ పిల్ల, విపత్తుల నిర్వహణ కోర్సు కావాలని నా గదికి మూడుసార్లు వచ్చింది. 1996 నవంబరు తుఫానులో వాళ్ళ తాతగారి కొబ్బరితోట మొత్తం నేలకొరిగిందట. ఆమె పుట్టకముందు సంగతి. "గాలి అంత లోపలికి ఎలా వచ్చింది సార్? ఇంట్లో అందరూ చెప్తారు గానీ ఎవరికీ తెలీదు" అంది. సివిల్ డిపార్ట్‌మెంట్లో ఆ పాఠం చెప్పే ఆయనకు అప్పటికే వారానికి పద్దెనిమిది గంటలు. తన కంప్యూటర్ క్లాసుకూ దానికీ టైంటేబుల్లో పొత్తు కుదరదు. ఆమె చేత కూడా టిక్కు పెట్టించాను. ఏదో ఆఫీసు మేనేజ్‌మెంట్ కోర్సు. "ఏది ఈజీ" అని అడగని ఒకే ఒక్క పిల్లకు నేను చేసిన మర్యాద అది.

కాలేజీలో దొరకనప్పుడు ఇప్పుడు ఇంకో దారుంది. 2017లో మొదలైన స్వయం పోర్టల్లో, ఐఐటీలు నడిపే ఎన్‌పీటీఈఎల్‌లో సంగీతం నుంచి మట్టి శాస్త్రం దాకా పాఠాలున్నాయి. ఎన్‌పీటీఈఎల్‌లో 12 వారాల కోర్సుకు 3 క్రెడిట్లు, 8 వారాలకైతే 2. వారం వారం ఇచ్చే పనికి 25 శాతం, చివర సెంటర్‌కి వెళ్ళి రాసే పరీక్షకు 75 శాతం. యూజీసీ 2021లో ఇచ్చిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులు ఇలా చదవనివ్వొచ్చు. ఒక్క జాగ్రత్త: చేరకముందే మీ కాలేజీలో అడిగి, ఏ కోర్సుకు బదులుగా ఇది లెక్కేస్తారో కాగితం మీద రాయించుకోండి. చదివేశాక అడిగితే చాలాచోట్ల తల అడ్డంగా ఊపుతారు.

కోర్సు ఎంచుకునే పిల్లలకు నా మాట రెండు ముక్కలు. పేరు చూసి తీసుకోవద్దు, చెప్పేవాళ్ళను చూసి తీసుకోండి. "ఆ క్లాసులో నిద్రొచ్చేదా" అని సీనియర్లను అడగండి, వాళ్ళు అబద్ధం చెప్పరు. రోజంతా అంకెలతో ఉండేవాళ్ళు నాలుగు పేజీల వ్యాసం రాయాల్సిన కోర్సు తీసుకోండి. రోజంతా వ్యాసాలతో ఉండేవాళ్ళు అంకెలున్నది తీసుకోండి. మొదటి నెల తెల్లమొహం వేస్తారు. క్లాసులో అందరికన్నా వెనకబడ్డామని సిగ్గుగా ఉంటుంది. వెంకీ రామకృష్ణన్ ఫిజిక్సులో పీహెచ్‌డీ పుచ్చుకున్నాక మళ్ళీ బయాలజీ విద్యార్థిగా చేరి, తనకన్నా చిన్నపిల్లల పక్కన కూర్చుని మొదటి పాఠాలు నేర్చుకున్నాడు. 2009లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అందరికీ నోబెల్ రాదు, నాకు అంకణా ఒక్కటే వచ్చింది. పర్లేదు. ఇంటి ఖర్చు పుస్తకంలో తేడా వస్తే ఇప్పటికీ నేను రెండు తప్పుల కోసం వెతుకుతాను.

అయితే పిల్లల భయంలో న్యాయముంది. పక్క బ్రాంచి కోర్సులో గ్రేడు తగ్గితే సీజీపీఏ తగ్గుతుంది. ప్లేస్‌మెంట్‌కు వచ్చే కంపెనీ ఆ అంకె చూసే లోపలికి పిలుస్తుంది. సాహసం చేసినవాడికి జరిమానా అన్నమాట. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయం 1969లోనే దీనికో ఉపాయం పెట్టింది. విద్యార్థి కోరుకుంటే కోర్సును గ్రేడు లేకుండా, పాసైతే చాలన్న లెక్కలో చదవొచ్చు. మన దగ్గర ఈ మాటంటే అధ్యాపకులు వెంటనే ఒక సంగతి ఎత్తుతారు: రాజ్యాంగం, పర్యావరణం లాంటి సున్నా క్రెడిట్ల కోర్సులకు పిల్లలు వచ్చి కూర్చుంటున్నారా అని. నిజమే, చాలామంది రావడం లేదు. కానీ అవి మనం నెత్తిన పెట్టినవి. నేను చెప్పేది పిల్లలు తామే వెతుక్కుని వచ్చే కోర్సు గురించి. కోనసీమ అమ్మాయి నా గదికి మూడుసార్లు వచ్చింది మార్కుల కోసం కాదు.

అందుకని నిబంధనలు రాసే విశ్వవిద్యాలయాల పెద్దలకు ఒక విన్నపం. ఆ మూడు ఓపెన్ ఎలక్టివ్‌లలో ఒక్కదాన్ని సీజీపీఏ లెక్కలోంచి తీసెయ్యండి. క్రెడిట్లు ఇవ్వండి, హాజరు అడగండి, పరీక్ష పెట్టండి, పాసా ఫెయిలా చెప్పి ఊరుకోండి. టైంటేబుల్లో వారానికి మూడు గంటలు అన్ని బ్రాంచిలకూ ఒకే వేళ ఖాళీ ఉంచండి. ఆ మూడు గంటలూ ఎవరు ఏ గదిలో కూర్చున్నా తలుపు దగ్గర ఎవరూ ఆపకూడదు. ఫారంలో మాత్రం దయచేసి నిజంగా చెప్పబోయే కోర్సుల పేర్లే అచ్చు వేయించండి.